వేలంపాటలో రాజుగారు

మా అమ్మ మస్కట్‌లో ఇంటిపనికి వెళ్ళేటప్పటికి నాకు ఏడేళ్ళు. మొదటి జీతంలో ఒక నోటు, సెలవుకి వస్తున్న మా ఊరావిడ చేతికిచ్చి అమ్మమ్మకు పంపింది. నోటు మీద తలపాగా, నెరిసిన గడ్డంతో ఆ దేశపు సుల్తాను ఉన్నాడు.

"బతికుండగానే తన బొమ్మ తనే వేయించుకున్నాడా! ఎంత ధైర్యమే!" అంది అమ్మమ్మ. మన నోటు మీది తాతగారు పోయాకే ఎక్కారు మరి. నేను మాత్రం అమ్మ పనిచేసే ఇంటి యజమాని ఆయనేననుకున్నాను. కాకపోతే ఆయన ఫొటో ఎందుకు పంపుతుంది?

మా దివిసీమలో కోత పండగకి ఎవరి మొదటి రాబడి వాళ్ళు చర్చికివ్వాలి. గుమ్మడికాయల మధ్య అమ్మమ్మ ఆ నోటు పెట్టింది. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. సంఘపెద్ద కోడిపుంజును అమ్మేసి, నోటు పైకెత్తాడు.

"రాజుగారండీ, రాజుగారు! పాట యాభై!"

అందరూ నవ్వారు. దాని అసలు విలువ అక్కడెవరికీ తెలియదు. కృత్తివెన్ను నుంచి వచ్చిన రొయ్యల చెరువులాయన రెండొందలన్నాడు. నేను అమ్మమ్మ కొంగు పట్టుకుని గోల మొదలుపెట్టాను.

"ఆయన్ని అమ్మేస్తే అమ్మ ఎవరింట్లో ఉంటుంది?"

అమ్మమ్మ కొంగుముడి విప్పి, గుడ్లమ్మిన డబ్బుతో మూడొందలకి పాడేసింది. "దేవుడికిచ్చింది మళ్ళీ దేవుడి దగ్గరే కొనిపించావు కదే!" అని నా నెత్తిన ఒక్కటిచ్చింది.

నోటు బైబిల్లోకి చేరింది. అధికారుల కోసం ప్రార్థించాలని అందులో రాసుందని అమ్మమ్మ రోజూ దేవుణ్ణి ఆయన క్షేమం అడిగేది. నేను పక్కన కళ్ళు మూసుకుని, "మా అమ్మని పంపించెయ్యి, లేకపోతే నీ పని చెప్తా" అని ఆయన్నే బెదిరించేదాన్ని. పదకొండేళ్ళు పట్టింది ఆయనకి వినపడడానికి. ఈలోగా అమ్మమ్మ పోయింది.

అమ్మ వచ్చేసిన కొన్నాళ్ళకి సుల్తాను పోయాడని టీవీలో చెప్పారు. అమ్మ బైబిల్లోంచి నోటు తీసి, చూస్తూ ఏడ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"అమ్మమ్మ పోయిందని ఫోన్ చేస్తే 'సరే' అని పెట్టేశావు. ఈయన కోసం ఏడుస్తున్నావా?"

అమ్మ నోటు మడత సాఫు చేసింది.

"ఆ ఇంటివాళ్ళ ముందు ఏడిస్తే ఊరుకోరే. ఆ రాత్రి జీతం డబ్బులు తీసి, ఈయన మొహం చూస్తూ ఏడ్చా. పదకొండేళ్ళలో నన్ను కసరని మొహం ఆ ఇంట్లో ఇదొక్కటే."

నా బెదిరింపులన్నీ గుర్తొచ్చాయి. నోటు తీసుకుని, అమ్మమ్మ పెట్టిన పేజీలోనే మళ్ళీ పెట్టాను.