ఎడమ చక్రం మీది రాపిడి

రాట్చబురిలో సుమాలీ టైర్ల కొట్టుకు వెళ్లి రిమ్ములు చూపించమంటే, ఆమె రిమ్ములు చూపించదు. "బండిలో ఎవరెవరు కూర్చుంటారు?" అని ఆరా తీస్తుంది. పెళ్లికి ముందు పదకొండేళ్లు బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన మనిషి. నిలబెట్టి కొలిచిన నిక్కరు కూర్చోగానే పిగిలిపోతుందని అప్పుడే తెలుసుకుంది. టైర్ల వ్యాపారిని చేసుకున్నాక ఆ తెలివినే బండ్లకు వాడింది. సోకు కోసం స్ప్రింగులు తగ్గించి కిందికి దించిన బండి ఏదొచ్చినా ఇంటిల్లిపాదినీ ఎక్కించి, అప్పుడు చక్రానికీ పై రేకుకూ మధ్య ఖాళీ కొలుస్తుంది. ఇంటివాళ్లు రాకపోతే పక్క కొట్లవాళ్లను కేకేస్తుంది. బొప్పాయి పచ్చడి దంచే ఆవిడైతే రోకలితో సహా వచ్చి కూర్చుంటుంది. "మా ఆవిడకు టైర్లు ఒక వంక, కావలసింది జనం సంగతులు" అంటాడు మొగుడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ గురువారం పొద్దున ఫైరోట్ వచ్చాడు. జాడీల బట్టీలో పని చేసే కుర్రాడు. తన ఏడు సీట్ల నల్ల బండిని నేలకు ఆనుతుందేమో అన్నంత దించేశాడు. ఆదివారం అలాంటి బండ్లవాళ్లంతా ఒకచోట చేరతారు. టైరుకీ రేకుకీ మధ్య వేలు దూరితే చాలు, సాయంత్రం దాకా ఆటపట్టిస్తారు.

"ఇవి కావాలక్కా" అన్నాడు, గోడకున్న లోతైన ఇరవై అంగుళాల రిమ్ములు చూపించి. "బయటికి పొడుచుకు రావాలి."

"బండిలో ఎవరు కూర్చుంటారు తమ్ముడూ?"

"నేనొక్కణ్ణే."

"ఏడు సీట్లూ నీకేనా? అంత మనిషివేం కాదే!"

సుమాలీ టార్చి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. మూడు చక్రాల దగ్గర ఏమీ లేదు. ఎడమవైపు వెనక చక్రం మీది రేకు అంచు మాత్రం రాపిడికి అద్దంలా నున్నబడి ఉంది. ఆ నునుపు మీద ఎండిన బురద. ఇలాంటివి కనబడితే కారణం తెలిసేదాకా ఆమెకు అన్నం సహించదు.

"నువ్వు కూర్చునేది ముందు, కుడివైపు. ఇక్కడ ఎవరో బరువైన మనిషి చాన్నాళ్లు తిరిగారు. కొన్ని నెలలుగా ఎక్కడం లేదు. ఎవరది? అమ్మాయా?"

"అమ్మాయైతే వెనకెందుకు కూర్చోబెడతానక్కా!" అని నవ్వాడు. "మా లమై అమ్మమ్మ. వారం వారం గుడికి తీసుకెళ్లేవాణ్ణి. మోకాళ్ల నొప్పులని మానేసింది."

"గుడికి వెళ్లడమే మానేసిందా?"

"లేదు, నా బండి ఎక్కడం మానేసింది. సోంగ్‌తేవ్‌లో వెళ్తోంది."

సుమాలీ లేచి నిలబడింది. వెనక బల్లలు వేసిన ఆ అద్దె బండి మెట్టు మోకాలెత్తున ఉంటుంది. ఫైరోట్ బండి గడపంత ఎత్తు కూడా లేదు.

"మోకాళ్ల నొప్పులున్న మనిషి అదెలా ఎక్కుతోందయ్యా?"

ఆ సంగతి ఫైరోట్‌కెప్పుడూ తట్టలేదు.

"ఇక్కడ రాసుకున్నప్పుడు చప్పుడొచ్చేదా?"

"గర్రుమనేది."

"అప్పుడు నువ్వేమనేవాడివి?"

"ఏముంది... 'అమ్మమ్మా, నువ్వెక్కితే బండి ఏడుస్తోంది' అనేవాణ్ణి. ఆవిడా నవ్వేది."

ఆ ఊళ్లో లావుగా ఉన్నవాళ్లను లావని పిలవడం ముద్దే. బజారంతా లమైని బొద్దమ్మా అనే పిలుస్తుంది. ఎవరూ పట్టించుకోరు. అందుకే ఫైరోట్‌కూ అది తప్పనిపించలేదు. ఇప్పుడు మాత్రం ఆ నున్నటి అంచును వేలితో తడిమి చూశాడు.

"నన్ను పెంచింది ఆవిడే అక్కా. ఎన్నిసార్లు పిలిచినా రానంటోంది. ఇంక నా బండి ఎక్కదేమో."

"నంబరివ్వు" అంది సుమాలీ. ఫోనులో ఆమె అన్నది ఇంతే: "అమ్మా, మీరొచ్చి కూర్చుంటే గానీ కొలత కుదరదు. ఇక్కడ నా పని ఆగిపోయింది." తమవల్ల ఇంకొకరి పని ఆగిందంటే లమై లాంటివాళ్లకు కాలు నిలవదు. అరగంటలో వస్తానంది.

ఈలోగా ఫైరోట్ లోతైన రిమ్ములు వద్దన్నాడు. అదే కొలతలో, బొటనవేలంత లోపలికి కూర్చునేవి ఎంచుకున్నాడు. టైరు కాస్త సన్ననిది వేయించాడు. వెనక స్ప్రింగులు కొంచెం పైకి తిప్పించి బండిని కాస్త లేపించాడు.

"వేలు దూరుతుంది మరి. ఆదివారం నీ పరువు?"

"చెయ్యంతా దూరనీ అక్కా."

లమై సోంగ్‌తేవ్ దిగింది, చేతిలో అరటిపళ్లతో. "ఆలస్యం చేశానేమో అమ్మా" అంటూ అవి సుమాలీకిచ్చి, మనవడి వైపు చూడకుండా బండెక్కింది. ఎడమవైపు వెనకే. సుమాలీ రేకు అంచుకు పిల్లలు బొమ్మలు చేసే మెత్తటి మట్టి అతికించింది. చక్రం ఏమాత్రం తగిలినా అది నలుగుతుంది. ఇరుగుపొరుగు మిగతా సీట్లు నింపారు. సుమాలీ లమై పక్కనే ఇరుక్కుంది.

సందు చివర స్పీడ్ బ్రేకర్. బండి ఎక్కింది, దిగింది. చప్పుడు లేదు. దిగి చూస్తే మట్టి నలగలేదు. రోకలావిడ చప్పట్లు కొట్టింది.

"కొలత చెల్లదు" అంది సుమాలీ.

"ఎందుకక్కా? మట్టి అలాగే ఉందిగా!"

"మీ అమ్మమ్మ కూర్చోలేదు."

ఫైరోట్ లోపలికి చూశాడు. లమై రెండు చేతులతో కిటికీ పైనున్న పిడిని పట్టుకుని ఇంకా వేలాడుతోంది. సీటుకూ ఆవిడకూ మధ్య జానెడు ఖాళీ ఉంది. ముఖమంతా చెమట.

"అమ్మమ్మా! ఎప్పుడూ ఇలాగే లేచేదానివా?"

"ఎగుడుదిగుడొస్తే లేచేదాన్ని నాన్నా. బండి ఏడుస్తుందన్నావుగా" అని నవ్వింది. ఈసారి అతను నవ్వలేకపోయాడు. తలుపు తీసి, పిడి మీద నుంచి ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, చేతులు ఒళ్లో పెట్టాడు.

"నువ్వు కూర్చో. అది ఏడిస్తే దాని సంగతి నేను చూసుకుంటా."

బండి మళ్లీ స్పీడ్ బ్రేకర్ ఎక్కింది. లమై కళ్లు గట్టిగా మూసుకుంది. వెనక చక్రం దిగింది, చప్పుడు లేదు. ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"ఒరేయ్, నేను కూర్చునే ఉన్నానురా!" అంది.