తప్పయింది బాపు

బళ్లె అడ్మిషన్లు నడుస్తున్నయ్. కరీంనగర్ల నేను చెప్పే మూడో తరగతికి ఒకాయన బిడ్డను తీస్కొచ్చిండు. "తోలు మీది, బొక్కలు మాయి మేడం, ఎంతన్న గొట్టుండ్రి" అని నవ్వుకుంట నడుం బెల్టు మీద చెయ్యేసిండు. బకల్ టక్కుమన్నది. ఆ పోరి రెండు చేతులు ఎనుకకు పెట్టుకున్నది. గంతే. నా గుండె దడదడ కొట్టుకున్నది, చేతులు మొద్దుబారినయ్, ఊపిరి అందలే. కాయితాలు కింద పడ్డయ్. అవి ఏరుకుంట ఆయనతోని నేనే అంటున్న: "తప్పయిందన్నా, తప్పయింది."

హార్ట్ ఎటాక్ అనుకొని మా ఆయన దవాఖానకు ఉరికిచ్చిండు. ఈసీజీ తీసిండ్రు, టూడీ ఎకో తీసిండ్రు. "అంత నార్మలే అమ్మా, గ్యాస్" అన్నడు డాక్టర్. ఆర్నెల్లు గ్యాస్ గోలీలు మింగిన. తోటి టీచర్లల్ల ఒకామె వాము నమలమన్నది, ఇంకొకామె జీలకర్ర నీళ్లు తాగమన్నది. బెల్టు జూస్తె వచ్చే గ్యాస్ ఏడన్న ఉంటదా? అయినా నమిలిన.

ఆఖరికి ఒక సైకియాట్రిస్ట్ మేడం దగ్గరికి పోయిన. ఆలస్యమైనందుకు తప్పయింది అన్న. ఫైలు మర్చిపోయినందుకు అన్న. కుర్సీ కిర్రుమన్నందుకు గూడ అన్న. ఆమె పెన్ను కిందపెట్టింది.

"మీరొచ్చి పది నిమిషాలు కాలే, మూడుసార్లు తప్పయింది అన్నరు. ఏం తప్పు చేసిండ్రమ్మా?"

ముప్పై తొమ్మిదేండ్లల్ల ఆ మాట నన్ను ఎవ్వరూ అడగలే.

మా బాపు మందమర్రిల బొగ్గుబాయి పని జేసేటోడు. షిఫ్టు దిగి వచ్చిండంటె క్వార్టర్ల దగ్గాలన్నా భయమే. బాయిల తలలైటు బ్యాటరీకి నడుముకు కట్టుకునే తోలు బెల్టు ఉండేది, దానితోని కొట్టేటోడు. బిందె నిండలేదని, చెప్పులు అడ్డమున్నయని, ఒక్కోసారి ఏం లేకున్నా. "తప్పయింది బాపు" అనాలె. ఏం తప్పో తెల్వకున్నా అనాలె. గట్టిగ అంటెనే చెయ్యి ఆగేది. తాగి కొట్టిండందామంటె చుక్క ముట్టేటోడు కాదు. ఆదివారం చర్చిల ముందు వరుసలనే కూసునేటోడు. పక్కోళ్లకు ఇనబడొద్దని నన్ను గన్న అవ్వనే తలుపు దగ్గరికేసేది. కాలనీవోళ్లు మాత్రం "బంగారం అసొంటి పిల్ల, నోట్లె నాలుక లేదు" అని మెచ్చుకునేటోళ్లు. ఏడికెల్లి ఉంటది నాలుక!

"దీన్ని పీటీఎస్‌డీ అంటరు" అన్నది మేడం. "చిన్నప్పుడు ఒళ్లు నేర్చుకున్న భయం ఇంక దిగలే. మీ తప్పేం లేదు." గోలీలు రాసిచ్చి, వారానికోసారి థెరపీకి రమ్మన్నది. రెండు నెలలకు కండ్ల నిండ నిద్ర వట్టింది. నా గాచారం, గప్పుడే అవ్వ మా ఇంటికొచ్చి గోలీలు జూసింది. "పిచ్చోళ్ల గోలీలు మింగుతున్నవా? నలుగురికి తెలిస్తె పరువు పోతది" అన్నది. నేనేమన్న? "తప్పయిందే అవ్వా." తెల్లారి గోలీలు బందుపెట్టిన.

పదిహేను దినాలకు మల్ల దడ, మల్ల చిరాకు. నా బిడ్డ రూతుకు ఎనిమిదేండ్లు. ఒకనాడు పక్కన కూసొని హోంవర్కు రాసుకుంటుంటె పాలగిలాస ఒలికింది. నా చెయ్యి లేసింది. పోరి రెండు చేతులు ఎనుకకు పెట్టుకొని "తప్పయింది మమ్మీ, తప్పయింది" అన్నది. ఒలకవోసింది నా మోచెయ్యి. ఆ మాట దానికి నేనెన్నడు నేర్పలే. నన్ను జూసి నేర్చుకున్నది. కింద కూలబడి "తప్పయింది బిడ్డా, ఒలకవోసింది నేను" అన్న. నా బతుకుల ఆ మాట సరైన చోట వాడింది గదే మొదటిసారి.

తెల్లారి మేడం దగ్గరికి ఉరికిన. "నన్నడగకుంట ఎట్ల ఆపుతరమ్మా?" అని కోప్పడ్డది. మల్ల మొదటికెల్లి షురూ.

మొన్న ఎండాకాలం మందమర్రి పోయి బాపును అడిగిన, "ఎందుకు గొట్టినవ్ నన్ను?" అని. రిటైరై, దమ్ము రోగంతోని టీవీ ముందట కూసున్నడు. "గట్ల గొడితెనే గదా టీచరమ్మవైనవ్" అన్నడు, మొఖం తిప్పకుంటనే. అవ్వ ఛాయ్ పట్టుకొచ్చి, "ముసలోన్ని పరేషాన్ జెయ్యకే. తప్పయిందను" అన్నది. నన్ను! నేను అనలే. ఛాయ్ ముట్టకుంట బస్సెక్కిన. మాఫ్ చెయ్యాలని చర్చిల చెప్తరు. ముందుగాల అడిగేటోడు అడగాలె గద! నేను మాఫ్ చెయ్యలే.

ఇప్పుడు పొద్దుకొక్క గోలి, నెలకోసారి థెరపీ. బకల్ చప్పుడుకు ఇంక ఉలిక్కిపడుత, గాని ఊపిరి అందుతది. మా ఆయన బెల్టు పెట్టుడే మానేసిండు, ప్యాంటు పైకి గుంజుకుంట తిరుగుతుండు.

మీకు ఒక్కటే చెప్త. మీ ఇంట్ల పిల్ల తప్పయింది అంటె, "ఏం తప్పు?" అని నిమ్మలంగ అడుగుండ్రి. చెప్పలేకపోతె ఆ తప్పు మీ దగ్గర ఎతుకుండ్రి. నిన్న రూతు మల్ల ఆ మాట అంటె గట్లనే అడిగిన. జరసేపు ఆలోచించింది. "నేనేం చెయ్యలే మమ్మీ!" అన్నది, నా కండ్లల్లకు జూసుకుంట. దాని నోట్లె నాలుక ఉన్నది.