చెట్టును నూకిన పొద్దు

ఫిజీలో గిర్మిట్ ఒప్పందం మీద కూలీలుగా వునిమోలి చెరుకు తోటల్లో పనిచేస్తున్న రోజులవి. మా బావ అప్పన్నకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. బకాసురుడిలా తినే మనిషి చూస్తుండగానే చీపురుపుల్ల అయిపోయాడు.

మందు చెప్పమని ఒక ఫిజీ ముసలాయన్ని బతిమాలాం. ఆయన మమ్మల్ని గడ్డి ఎండిన గుట్ట ఎక్కించి, మేఘాలను గీరుతున్న సరుగుడు చెట్టును చూపిస్తూ "నొకోనొకో" అన్నాడు. అది ఆ చెట్టుకు వాళ్ల పేరట. మాకు మాత్రం "నూకు, నూకు" అని వినపడింది.

"నూకితే మందు రాలుతాదేమో, పట్టండర్రా!" అన్నాడు మా సింహాచలం.

అందరం భుజాలు ఆనించాం. భూగోళం పక్కకు జరిగిందేమో గానీ చెట్టు కదల్లేదు. ముసలాయన పడీపడీ నవ్వాడు. మేం ఎంతకీ ఆపకపోయేసరికి తల బాదుకుని, బెరడు చెక్కి చేతిలో పెట్టాడు. పొయ్యిలో పెట్టుకునే సరుగుడులో మందుందని మాకేం తెలుసు? అప్పటికే సగం పొద్దు పోయింది.

కషాయం కాచి తెచ్చేసరికి బావకు గుటక పడటం లేదు.

"తులసినీళ్లు ఇక్కడెక్కడివి తమ్ముడూ? అదే నోట్లో పొయ్" అంది అక్క.

పోశాను. పెదవి పక్కనుంచి కారిపోయింది.

చెట్టును నూకిన దాకా చెప్పి ఎందరినో నవ్వించాను. అక్క వింటున్నప్పుడు మాత్రం ఆ ఊసెత్తను.