లాంగ్ గ్యాలరీలో వాకింగ్ బ్యాచ్

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు. ఒకటి మంచులో కారు నడపడం, రెండోది మా పిన్ని నలుగురిలో నన్ను గట్టిగా పిలవడం. అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఉద్యోగంలో చేరిన కొత్త. వారమంతా కార్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికేదాన్ని (దొరికితే రాసినవాడికి కోపం, దొరక్కపోతే మేనేజర్‌కి కోపం). పిన్ని వాళ్ళింట్లోనే మకాం. నాకు చిన్నప్పటి నుంచీ చరిత్ర అంటే ప్రాణం, కానీ వీసా తెచ్చిపెట్టే చదువు అది కాదు కదా. అందుకని ఊరికి దూరంగా ఉన్న ఒక పాత బంగళాలో శనివారాలు జీతం లేని గైడ్‌గా చేరతానని అడిగాను. ఇంటర్వ్యూకి రమ్మన్నారు. “జీతం లేకుండానా? దానికి ఇంటర్వ్యూ కూడానా?” అని పిన్ని చాలాసేపు నవ్వింది.

ఎప్పుడో కార్ల విడిభాగాలు తయారుచేసి బాగా గడించిన ఒకాయన కట్టించిన బంగళా అది. ఆయన ఇంగ్లండు వెళ్ళి అక్కడి దొరల ఇళ్ళు చూసి మనసు పారేసుకుని, తిరిగొచ్చి అచ్చం అలాంటిదే ఇక్కడ కట్టించుకున్నాడు. అందులో మేడ మీద, ఇంటి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగే ఒక గది ఉంది. దాన్ని లాంగ్ గ్యాలరీ అంటారు. ఒకవైపు వరసగా కిటికీలు, ఎదురుగోడకు లేసు కాలర్ల దొరలూ ముత్యాల దొరసానులూ ఉన్న పటాలు, మధ్యలో నున్నటి చెక్క నేల, అంతే. మా గైడ్లందరికీ పెద్ద ఒక రిటైరైన టీచరమ్మ. ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, పెదవుల మీద వేలు పెట్టేది. నేను మనసులో ఆవిడకి సైలెన్స్ మేడమ్ అని పేరు పెట్టుకున్నాను. నా మొదటి టూర్‌కి ఆవిడ వెనకాలే వచ్చి చూస్తుంది. నచ్చితే నేను గైడ్‌ని, నచ్చకపోతే కింద గుమ్మం దగ్గర జనం విప్పిన కోట్లు తగిలించే పని.

నేను రాత్రీ పగలూ అద్దం ముందు ప్రసంగం బట్టీపట్టాను. “నువ్వు మాత్రం రాకు పిన్నీ, నాకు టెన్షన్” అని ముందే బతిమాలాను. “అబ్బే, నేనెందుకొస్తానే!” అంది. తీరా మంచు కురుస్తున్న ఆ శనివారం పొద్దున గ్రూప్‌ని కలుద్దామని హాల్లోకి వెళ్తే, తెల్లజుట్టు అమెరికన్ దంపతులు ఒక జంట, వాళ్ళ వెనక పిన్ని, పిన్ని వెనక ఆవిడ వాకింగ్ బ్యాచ్ మొత్తం! చలికాలమంతా మాల్‌లో రోజూ నడిచే ఆంటీలు వీళ్ళు. చుడీదార్ల కింద స్పోర్ట్స్ షూస్, పైన, గుమ్మం దగ్గర విప్పమన్నా విప్పని బొంతల్లాంటి కోట్లు. “అమ్మాయ్, నీకోసం ఇవాళ వాకింగ్ కాన్సిల్ చేసుకున్నాం” అంది పిన్ని త్యాగమూర్తిలా. నా వెనక సైలెన్స్ మేడమ్ గొంతు సవరించుకుంది.

కింది గదులు ఎలాగో గడిచాయి. మేడెక్కి గ్యాలరీలో అడుగుపెట్టగానే బ్యాచ్‌లోని కరీంనగర్ ఆంటీ ఆగిపోయింది. “గిదేంది బిడ్డా, గింత పెద్ద రూముల మంచం లేదు, సోఫా లేదు?” నేను ఇంగ్లీషులో ప్రసంగం అందుకోబోయాను. ఈలోగా పిన్ని పటాల దగ్గరికెళ్ళి, “వీళ్ళంతా ఇంటాయన తాత ముత్తాతలా?” అంది. కాదు. ఆ పటాలన్నీ ఆయన ఇంగ్లండులో వేలంలో పాడుకున్నవి. ఆ సంగతి చెప్పక తప్పలేదు. “అంటే తాతల్ని కూడా ఆర్డర్ పెట్టి తెప్పించుకున్నాడా!” అని పిన్ని అనేసరికి ఆంటీల నవ్వు గది చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. అమెరికన్ పెద్దాయన ఏమన్నారని అడిగాడు. చెప్పాను. ఆయనా పగలబడి నవ్వాడు. మేడమ్ వేలు పెదవుల మీదికి వెళ్ళింది. నాకు కోట్ల గది కళ్ళముందు కనబడింది.

గబగబా అసలు విషయానికి వచ్చాను. “ఇంగ్లండులో ఎప్పుడూ వానలు. బయటికి వెళ్ళే వీలు లేనప్పుడు దొరసానులు ఒంటికి వ్యాయామం కోసం ఈ గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాళ్ళు.”

“వాకింగా?” అంది పిన్ని. “ముందే చెప్పొద్దుటే!”

అంతే. కోట్లు విప్పి నా చేతుల్లో పడేసి, ఇద్దరిద్దరు చొప్పున బయల్దేరారు. చేతులు ఊపుకుంటూ, కాలేజీ అడ్మిషన్లూ గ్రీన్ కార్డులూ కొత్త సంబంధాలూ మాట్లాడుకుంటూ ఆ చివరికి వెళ్ళి, గోడ ముట్టుకుని వెనక్కి తిరిగారు. మాల్‌లో అలవాటు! చూస్తూ చూస్తూ ఆ తెల్లజుట్టు దంపతులు కూడా చేయీ చేయీ పట్టుకుని వాళ్ళ వెనక కలిశారు. నేను కోట్ల మోపు మోసుకుంటూ, బట్టీపట్టిన మిగతా చరిత్రని పరుగెత్తుతూ వాళ్ళకి వినిపించాను. (ఏమాటకామాట, ఒక్క ముక్క వదల్లేదు.)

ఆయాసపడుతూ ఆగేసరికి మేడమ్ నా పక్కనే ఉంది. అయిపోయింది అనుకున్నాను. ఆవిడ వాళ్ళనే చూస్తూ, “ఈ గది నడవడానికి కట్టిందని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. నిజంగా నడిచినవాళ్ళని ఇవాళే చూశాను” అంది. వాళ్ళ మాటల వైపు చెవి పెట్టి, “ఏం మాట్లాడుకుంటున్నారు?” అని అడిగింది.

“ఎవరబ్బాయికి ఎక్కడ సీటొచ్చింది, ఎవరమ్మాయికి ఏ సంబంధం చూస్తున్నారు, అవే.”

“అప్పటి దొరసానులూ ఇవే మాట్లాడుకుని ఉంటారు” అని, ఆవిడ కూడా మెల్లగా పిన్ని పక్కన చేరి నడక మొదలుపెట్టింది. నడుస్తూనే వెనక్కి తిరిగి, “వచ్చే శనివారం పదింటికల్లా వచ్చెయ్” అంది నాతో. ఆ ఏడాది నుంచి చలికాలంలో వారానికో పూట ఆ గదిని నడిచేవాళ్ళకి వదిలిపెట్టారు.

తిరిగొస్తుంటే కార్లో పిన్ని అడిగింది, “పాసయ్యావా?” అయ్యానన్నాను. “నూటికి ఎన్ని మార్కులు?” అంది.

ఇప్పటికీ శనివారాలు అక్కడికి వెళ్తూనే ఉన్నాను. కొత్తగా చేరే గైడ్లకి నేనే నేర్పిస్తున్నాను. మొదటి టూర్ రోజు వాళ్ళ మొహాలు పాలిపోయి ఉంటే, ఇంట్లోవాళ్ళని రమ్మన్నారా అని అడుగుతాను. రావద్దన్నామంటారు. అప్పుడు చేతుల్లో కోట్ల మోపుతో, సిగ్గుతో చచ్చిపోతున్న ఆ పిల్ల నాకు గుర్తొస్తుంది. అంత మంచులో, అంత దూరం డ్రైవ్ చేసుకుని తన మాట వినడానికే వాళ్ళు వచ్చారని ఆ పిల్లకి ఆ రోజు తట్టనే లేదు, పిచ్చిది.