హనోవర్ రాజుగారూ మా ఒక్క పలహారం చట్టమూ

ఐర్లండులో, డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా తెలుగు ప్రార్థన కూటానికి ఒకప్పుడు రాజ్యాంగం ఉండేదంటే ఎవరూ నమ్మరు. ఒకటే కాగితం, ఒకటే నియమం: ప్రార్థన ఎవరింట్లో జరిగినా టీ, ఒక్క పలహారం.

అలాంటి చట్టం ఎందుకు కావలసి వచ్చిందంటే, మా గొప్పలవల్ల. ప్రతి శనివారం సాయంత్రం ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థన. మొదట్లో బిస్కెట్లు పెట్టేవాళ్ళం. ఎవరో సమోసాలు పెట్టారు. ఆ పైవారం చికెన్ పకోడీ వచ్చింది. ఏడాది తిరిగేసరికి రెండు రకాల బిర్యానీ, గోంగూర మటన్, చివర్లో సేమ్యా పాయసం. మాలో సగంమంది నర్సులం. పన్నెండు గంటల డ్యూటీలు వరసగా మూడు చేసి, నలభైమందికి ఉల్లిపాయలు తరిగేవాళ్ళం. ఒకావిడ మోకాళ్ళమీద ప్రార్థన చేస్తూ చేస్తూ కదలకుండా ఉండిపోయింది. ఎంత భక్తో అనుకుని పావుగంట మేమూ కళ్ళు తెరవలేదు. గురక వినిపించాక లేపాం.

అప్పటి మా అధ్యక్షుడు నెమ్మదైన డాక్టరుగారు. మరుసటి వారమే ఆయన ఆ కాగితం రాసి, చదివి, ప్రార్థన చేశారు. అందరం ఆమెన్ అన్నాం. మాలో ఆమెన్ అన్నాక ఇక సంతకం అక్కర్లేదు.

రెండేళ్ళు హాయిగా గడిచాయి. తర్వాత డాక్టరుగారికి దూరంగా కార్క్ అనే ఊరికి బదిలీ అయింది. వరస ప్రకారం సెక్రటరీగా ఉన్నావిడ అధ్యక్షురాలు కావాలి. "ఆడాళ్ళు అధ్యక్షులేంటమ్మా!" అని పెద్దలు నవ్వేశారు. ఆ కుర్చీలో అంకుల్ కూర్చున్నారు. మా అందరికీ పెద్ద కాబట్టి ఆయన అందరికీ అంకులే.

"ఆ కాయితం రాసినప్పుడు నేను రాజమండ్రిలో ఉన్నాను. నన్నడిగారా? లేదు. నేను ఆమెన్ అన్నానా? అన్లేదు. కాబట్టి అది చెల్లదు," అన్నారు అంకుల్, మొదటి ప్రసంగంలోనే. రెడ్డొచ్చె మొదలాడె. ఆ పై శనివారం వాళ్ళింట్లోనే మటన్ బిర్యానీ, రొయ్యల వేపుడు. సిగ్గులేకుండా నేనూ రెండుసార్లు వడ్డించుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయి బడిలో చరిత్ర ప్రాజెక్టుకి హనోవర్ అనే పాత జర్మన్ రాజ్యాన్ని తీసుకుంది. నేను బట్టలు మడతపెడుతుంటే పరుగెత్తుకొచ్చి, "మామ్! దిస్ ఈజ్ యువర్ ప్రేయర్ మీటింగ్!" అని అరిచింది.

అది చెప్పిన కథ ఇది. ఇంగ్లండు రాజే హనోవర్‌కీ రాజు. ఆయన హయాంలో అక్కడివాళ్ళకి రాజ్యాంగం వచ్చింది. నాలుగేళ్ళకి ఆయన పోయాడు. ఇంగ్లండు ఆయన అన్నకూతురికి... కాదు, తమ్ముడి కూతురికి దక్కింది. (నాకు వరసలు ముఖ్యం.) హనోవర్‌లో మాత్రం మగదిక్కు ఉండగా ఆడపిల్లకి సింహాసనం ఇవ్వరట. కాబట్టి ఆ పిల్ల బాబాయి వెళ్ళి కూర్చున్నాడు. కూర్చోగానే, "నా సమ్మతి అడక్కుండా రాసిన రాజ్యాంగం నాకు చెల్లదు," అని రద్దు చేసేశాడు. ఏడుగురు ప్రొఫెసర్లు మాత్రం, "మేం దానిమీద ప్రమాణం చేశాం, వెనక్కి తీసుకోలేం," అని ఉత్తరం రాశారు. ఏడుగురి ఉద్యోగాలూ పీకేశాడు. ముగ్గుర్ని మూడురోజుల్లో దేశం వదిలి పొమ్మన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండొందల ఏళ్ళనాటి బాబాయిమీద అంత కోపం వస్తుందని అనుకోలేదు. వెంటనే ఫోన్లు చేశాను. కాగితం వైపు నిలబడేవాళ్ళని లెక్కపెడితే సరిగ్గా ఏడుగురం తేలాం. "మేం ఆమెన్ అన్నాం. వెనక్కి తీసుకోలేం," అని వాట్సాప్ గ్రూపులో పెట్టాం. డబ్లిన్ వదిలి పొమ్మనే అధికారం లేదు కాబట్టి అంకుల్ ముగ్గుర్ని గ్రూపులోంచి తీసేశారు. మొదటి పేరు నాదే.

చిక్కేమిటంటే, వచ్చే శనివారం వంతు మా ఇల్లు. బుధ, గురు, శుక్రవారాలు నాకు డ్యూటీ.

పైకి వీరవనితలా తిరిగాను కానీ లోపల భయంగానే ఉంది. అమ్మాయికి అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు పదిరోజులు మాకు క్యారేజీలు తెచ్చింది ఈ కూటంవాళ్ళే. ఈ దేశంలో నాకు వేరే చుట్టాలు లేరు. ఉత్త ఉప్మా పెట్టానని వీళ్ళు రావడం మానేస్తే?

"పోనీ, బిర్యానీ ఆర్డర్ పెట్టేద్దామా?" అన్నారు మావారు.

"ప్రొఫెసర్లు ఆర్డర్ పెట్టారా?" అన్నాను.

శనివారం అందరూ వచ్చారు. గ్రూపులోంచి తీసేసిన మనిషికే ఫోన్ చేసి, ఇంటి అడ్రసు అడిగి మరీ వచ్చారు అంకుల్. పాటలు పాడుతున్నంతసేపూ ఆయన ముక్కు వంటింటివైపే తిరిగి ఉంది. అల్లం, జీడిపప్పు వేసిన ఉప్మా వాసన తప్ప ఇంకేం రావడంలేదు. ఆయన మొహం గంటుపెట్టుకుంది.

ముగింపు ప్రార్థన ఎవరు చెయ్యాలో చెప్పే హక్కు ఇంటివాళ్ళది. ఎందుకనిపించిందో, అంకుల్ భార్యని, ఆంటీని, అడిగాను. ఆవిడ ప్రార్థన మేమెప్పుడూ విన్లేదు. వాళ్ళింట్లో కూటం జరిగినప్పుడల్లా పొయ్యి దగ్గరే ఉండేది.

ఆంటీ కళ్ళు మూసుకుంది. "ప్రభువా, పోయినసారి మా ఇంట్లో పొద్దున్నుంచీ నిలబడి వండేను. నా మోకాళ్ళ సంగతి నీకు తెల్సు, ఆయనకి తెలీదు. ఈ బిడ్డ ఒక్క ఉప్మా చేసింది, నీకు స్తోత్రం. మా ఇంట్లో కూడా ఇకమీదట ఒక్కటే చాలని దయచెయ్యి తండ్రీ. యేసు నామంలో అడుగుతున్నాం."

"ఆమెన్!"

అందరికంటే గట్టిగా వినిపించింది అంకుల్ గొంతే. అరవై ఏళ్ళ అలవాటు. ప్రార్థన అయిందంటే ఆ నోరు దానంతటదే అనేస్తుంది.

కళ్ళు తెరిచాం. మెట్లమీదనుంచి మా అమ్మాయి, "హీ సెడ్ ఇట్!" అని కేక పెట్టింది.

అంకుల్ ఆంటీవైపు చూశారు, నావైపు చూశారు. చివరికి, "కాస్త పచ్చడేమైనా ఉందామ్మా?" అన్నారు.

"పచ్చడి రెండో పలహారం కిందకొస్తుందేమో అంకుల్," అన్నాను. అన్నానే గానీ ఆవకాయ సీసా తీసుకురమ్మని అమ్మాయికి సైగ చేశాను.

ఆంటీకి ప్లేటు అందించబోతే అలవాటు ప్రకారం వంటింట్లోకి వెళ్ళడానికి లేవబోయింది. భుజం పట్టి సోఫాలోనే కూర్చోబెట్టాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "కూర్చుని, వేడివేడిగా తిని ఎన్నాళ్ళయిందో అమ్మా," అంది.

ఆవిడ ప్లేట్లో ఇంకో గరిటె వేశాను.