ఐదో మాటకు స్పీకరు

ఆళ్లగడ్డలో మైక్‌సెట్టు ప్రభుదాసును ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. కాలుగాలిన పిల్లే. పక్కింటివాణ్ణి గనక నాకు బాగా తెలుసు. 1979లో ఆయన యాంప్లిఫయరు రెండు పెళ్లిళ్లలో వరసగా రెండు స్పీకర్లను కాల్చేసింది. స్పీకర్లే నాసివని తిట్టి కొత్తవి తగిలించాడు. అసలు తప్పెక్కడుందో చూసుకోవయ్యా అంటే వింటేగా! నాకు ఒళ్లు మండిపోయేది.

ఇంతలో గుడ్ ఫ్రైడే వచ్చింది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఐదోదాని మీద మాట్లాడమని ప్రభుదాసు భార్య లూదియాకు అప్పగించారు. మా చర్చిలో ఆడమనిషికి ఇవ్వడం అదే మొదలు. లూదియా తల్లి దేవమ్మ పక్షవాతంతో చర్చి ఎదురింట్లో మంచాన ఉంది. కూతురి మాట ఆమె చెవిన పడాలంటే స్పీకరే దిక్కు. ఇదీ కాలిపోతే? ప్రభుదాసుకు నిద్ర పట్టలేదు.

గురువారం యాంప్లిఫయరు, స్పీకరు చంకనబెట్టుకుని నంద్యాల బస్సెక్కాడు. రేడియోలు బాగుచేసే శాంతయ్య మైకు ఊడబీకి, స్పీకరు తీగల మీద మీటరు పెట్టాడు. ముల్లు లేచింది.

"ఎవురూ మాట్లాడకుండానే కరెంటు పోతాంది సూడప్పా. మాటంటే ఊగే కరెంటు, ఈ కెపాసిటర్‌ను దాటుకుంటాది. కదలకుండా నిలబడిన కరెంటును ఇది ఆపాల. ఇది చెడిపోయి రెండిట్నీ వదుల్తాంది. ఆ నిలబడిన కరెంటే నీ స్పీకర్లను కాల్చింది."

కొత్త కెపాసిటర్ అతికించాక ముల్లు సున్నా మీదికి దిగింది. ఇంటికొచ్చి చెబితే లూదియా నవ్వింది.

"నువ్వైతే దాన్ని బేగా దాటుకుంటావులే. ఒక్క సోటన్నా నిలబడ్తే గదా!"

శుక్రవారం ఒక్కో ప్రసంగం అయ్యేకొద్దీ ఆయన స్పీకరు వెనక చెయ్యి పెట్టి చూశాడు. చల్లగానే ఉంది. లూదియా లేచి "దప్పిగొనుచున్నాను" అని చదవగానే ఎదురింటికి పరుగెత్తాడు.

"ఇనపడతాందా అత్తా?"

"గమ్మునుండప్పా," అంది దేవమ్మ.

ఆమె కళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవదు. ప్రభుదాసే తుడిచాడు. కూతురి ప్రసంగం ముగిశాక ఆమె మెల్లగా అంది:

"మూడో తరగతిలో బడి మాన్పిచ్చినా దాన్ని. పత్తి తీసేకి తోలుకోని పోయినా. పలక పట్టుకోని ఎంత ఏడ్చిందో. ఇట్లా మాట్లాడతాదని నాకు అప్పుడు ఎవురు సెప్పినారప్పా?"

చర్చిలో ఆరో మాట మొదలైంది. దేవమ్మ అది వినలేదు, ఏడుస్తూనే ఉంది.