చీటీ లేని గిన్నె

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది, రంజాన్ సెలవులు ముగిసిన వారంలో నన్ను రియాద్‌లో మా కంపెనీ రెస్టారెంట్లన్నింటిలోకీ పెద్దదానికి ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుగా బదిలీ చేశారు. బతా అనే బజారు పేటకు ఆనుకుని ఉన్న వీధిలో రెండంతస్తుల భవనం అది. కింద మగవాళ్ళ హాలు, పైన ఫ్యామిలీ సెక్షన్. శుక్రవారం నమాజు అయ్యాక ఆ వీధిలో కారు కదలాలంటే గగనమే.

ఈ ఉద్యోగం గురించి బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. వంటగదిలో అందరికంటే పైవాడు చీఫ్ షెఫ్. ఆయన మాటకు తిరుగులేదు. అయితే ఫలానా వంటకం ప్రమాదమని నేను అంటే మాత్రం ఆయన కూడా గరిట పక్కన పెట్టాల్సిందే. నేను జనరల్ మేనేజరుకు తప్ప మరెవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఫ్రిజ్ ఉష్ణోగ్రతలు రాయించడం, వంటవాళ్ళ గోళ్ళు చూడటం, ప్రతి డబ్బా మీదా పేరూ తేదీ ఉన్నాయో లేదో సరిచూడటం, బలదియావాళ్ళు, అంటే మునిసిపాలిటీ అధికారులు, తనిఖీకి వస్తే కాగితాలు ముందు పెట్టడం నా పనులు. వంటవాళ్ళు చాటుగా నన్ను థర్మామీటర్ అనేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసు. లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

అక్కడ నేను పెట్టిన పద్ధతి ఎర్ర చీటీ. మామూలుగా ఆర్డరు తెల్ల కాగితం మీద వంటగదికి వెళ్తుంది. దాన్ని మేం కేఓటీ అంటాం. అతిథికి ఏదైనా పడదని తెలిస్తే ఆ ఆర్డరు ఎర్ర కాగితం మీద రావాలి. ఎర్ర చీటీ వస్తే కడిగిన కొత్త పెనం, విడిగా గరిట, మొదటి నుంచి చివరి దాకా ఒకే వంటవాడు. వంటకాన్ని నా అలర్జీ చార్టుతో సరిచూసి సంతకం పెట్టాలి. ప్లేటు మీద మూత పెట్టి, షిఫ్ట్ ఇన్‌చార్జి ఒక్కడే, వేరే ప్లేట్లు చేత్తో పట్టుకోకుండా తీసుకెళ్ళాలి. మొదట్లో అందరూ విసుక్కున్నారు. మూడు నెలల్లో అలవాటు పడ్డారు.

రవికుమార్ నా కంట పడింది అప్పుడే. కాకినాడ మనిషి, ఒక ఆఫీసులో నెట్‌వర్క్ ఇంజనీరు, నలభైకి లోపు వయసు. సహోద్యోగులు నలుగురు బిర్యానీ తింటుంటే తాను మాత్రం ఇంటి డబ్బాలోంచి పెరుగన్నం తింటున్నాడు. బయటి తిండి లోపలికి తేకూడదని మాకు నియమం. చెప్పడానికి నేనే వెళ్ళాను. ఆయన ఏమీ అనుకోకుండా డబ్బాకు మూత పెట్టేసి, తనకు నువ్వులు పడవని చెప్పాడు. చిన్నప్పుడు ఒక నువ్వుండ తిని చావు తప్పి బయటపడ్డాడట. హమ్మస్‌లో నువ్వులు, రొట్టె మీద నువ్వులు ఉండే ఈ దేశంలో ఆరేళ్ళుగా ఆయన బయట ముద్ద ముట్టలేదు. ప్లేటు పక్కనే కళ్ళజోడు పెట్టుకున్నట్టు ఒక ఇంజక్షన్ పెన్ను పెట్టుకుని ఉన్నాడు. ఒళ్ళు తిరగబడితే తొడలో పొడుచుకునే మందు అది.

నేను ఎర్ర చీటీ సంగతి చెప్పాను.

"అబ్బే, ఎందుకండీ రిస్కు. డబ్బా ఉంది కదండీ," అన్నాడు.

"ఒక్కసారి తిని చూడండి. మీ ప్లేటుకు నేను పూచీ," అన్నాను.

ఆ మాట ఎవరూ అనమంటే నేను అనలేదు. నా పద్ధతి మీద నాకున్న మోజే నాచేత ఆ మాట అనిపించింది.

తర్వాతి శుక్రవారం భార్య సునీతతో కలిసి వచ్చాడు. నేనే దగ్గరుండి వండించాను. ఆరేళ్ళ తర్వాత హోటల్లో వేడి అన్నం మీద పప్పు పోసుకుని తిన్న మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పైన కిటికీ పక్క బల్ల వాళ్ళదే. కొన్ని నెలలకు బల్ల మీద పెన్ను కనిపించడం మానేసింది. అడిగితే కారులో ఉందని చెప్పాడు. హెచ్చరించాల్సింది పోయి నేను సంతోషించాను. నా పద్ధతికి సర్టిఫికెట్ వచ్చినట్టు అనుకున్నాను.

ఇప్పుడు లచ్చన్న గురించి చెప్పాలి. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు, కర్రీ సెక్షన్ కుక్. హోదాలో చీఫ్ షెఫ్‌కు మూడు మెట్లు కింద. మెనూలోని వంటలతో పాటు సిబ్బంది భోజనానికి రోజూ ఒక కూర వండే బాధ్యత కూడా అతనిదే. ఆ కూర మెనూలో ఉండదు కాబట్టి నా చార్టులోనూ లేదు. అసలు రుచంతా ఆ కూరలోనే ఉండేది. హాల్లో తెలుగువాళ్ళు కనబడితే వాళ్ళలో ఎవరికో ఒకరికి లచ్చన్న ఒక చిన్న గిన్నెలో ఆ కూర పెట్టి పంపేవాడు. దానికి చీటీ ఉండదు, బిల్లు ఉండదు. వంటగదిలో దాన్ని మనోళ్ళ గిన్నె అనేవాళ్ళు. మొదటి గిన్నె ఎప్పుడూ నాకే వచ్చేది. "ఏం లచ్చన్నా, ఈ పొద్దు నాకేం దాచినావు?" అని మా ప్రొద్దుటూరు యాసలో నేను అడగడం, అతను నవ్వుతూ మూత తీయడం రోజూ జరిగేదే.

అతని పొయ్యి పక్కన ఒక స్టీలు డబ్బా ఉండేది. వాళ్ళమ్మ ఇంటి నుంచి పంపిన నువ్వుల పొడి. వంటగదిలో ప్రతి డబ్బా మీదా పేరుండాలని పట్టుబట్టే నేను ఆ ఒక్క డబ్బా మీద పేరు లేకపోయినా అడగలేదు. సిబ్బంది కూరకే కదా అనుకున్నాను.

ఆ శుక్రవారం సిబ్బందికి చిక్కుడుకాయ కూర. పన్నెండున్నరకు నా గిన్నె నేను తిన్నాను, బాగుందన్నాను కూడా. తర్వాత కోల్డ్ స్టోరేజీలో సరుకు దిగుతుంటే అక్కడికి వెళ్ళాను. రెండు గంటలకు రవికుమార్ దంపతులు వచ్చారు. వాళ్ళ ఆర్డరు ఎర్ర చీటీ మీద పద్ధతి ప్రకారమే వెళ్ళింది. అంతా సంతకాలతో సహా సక్రమంగా ఉంది. అది పైకి చేరాక లచ్చన్న స్వయంగా చిక్కుడుకాయ కూర గిన్నె పట్టుకెళ్ళి, మనింటి కూర అని చెప్పి వడ్డించాడు. వాళ్ళింట్లో చిక్కుడుకాయ కూరలో నువ్వులు వేయరు. పైగా అది మా వంటగదిలోంచి వచ్చిన కూర, పక్కన ఎర్ర చీటీ ఉంది. అనుమానించడానికి ఆయనకు ఏ కారణమూ లేదు.

కబురు అంది నేను పైకి పరుగెత్తేసరికి ఆయన పెదవులు వాచి, గొంతులోంచి మాట రావడం లేదు. సునీత కారు దగ్గరకు పరుగెత్తింది. రియాద్ ఎండలో వారాల తరబడి మూసి ఉన్న కారులో మగ్గిన పెన్ను అది. మందు చెడిపోయిందో, ఆలస్యమే అయిందో డాక్టర్లు కూడా తేల్చి చెప్పలేదు. పొడిచినా ఫలితం లేకపోయింది. అంబులెన్స్ మా వీధి మొదట్లోకి వచ్చి, హారన్ల మధ్య ఇరుక్కుని నిలబడిపోయింది. మేం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి అక్కడిదాకా మోసుకెళ్ళాం. ఆసుపత్రిలో మూడో రోజు చనిపోయాడు. ఆ మధ్యలో కళ్ళు తెరవలేదు.

బలదియావాళ్ళు వంటగదికి సీలు వేశారు. లచ్చన్నను పోలీసులు పిలిచి అడిగారు. అతను దేన్నీ దాచలేదు. స్టేషన్ నుంచి వచ్చాక నా ముందు నిలబడి చెప్పిన మాటలు ఇవి.

"కూర నేనే పెట్టిన సార్. ఎవ్వలు చెప్పలే. ఆయనకు నువ్వులు పడయని ఎర్కే. గని అండ్ల నువ్వుల పొడి ఏసిన్నని యాదికే రాలే. మా ఇంట్ల ఉప్పేసినట్టే ఏస్తం. ఉప్పేసిన్నని ఎవలన్న చెప్తరా సార్?"

నాకు అర్థమైంది. మా ఇంట్లో శనగవిత్తనాల పొడి కూడా అంతే. వేశామని కూడా గుర్తుండదు. అందుకే చీటీ ఉండాలి, అందుకే చార్టు ఉండాలి. ఇదంతా వంటవాళ్ళకు పాఠం చెప్పేది నేనే.

ఇలాంటివి జరిగితే నేను ఒక నివేదిక రాయాలి. అందులో ఏడో గడి: నియమం తప్పినవారు. ఎనిమిదో గడి: నియమంలో లోపం ఉందా. జనరల్ మేనేజరు నన్ను పిలిపించి, ఎనిమిదో గడిలో లోపం ఉందని రాస్తే మిగతా శాఖలకు కూడా తనిఖీ వస్తుందని నెమ్మదిగా చెప్పాడు. నా పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలే ఉన్నాయని కూడా గుర్తు చేశాడు. బెదిరించలేదు. బెదిరించాల్సిన అవసరం ఆయనకు కలగలేదు. ఏడో గడిలో లచ్చన్న పేరు రాశాను. ఎనిమిదో గడిలో లేదు అని రాశాను.

ఆ కాగితం ఇంకా నా బల్ల మీదే ఉండగా సునీత వచ్చింది. భర్త కళ్ళజోడు పైన బల్ల మీద ఉండిపోయింది, దాన్ని తీసుకెళ్ళడానికి. ఎవరి మీదా ఫిర్యాదు లేదని అప్పటికే పోలీసులకు రాసిచ్చింది. కళ్ళజోడు చేతికిచ్చాక ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆ కూర మీరూ తిన్నారాండీ?"

"తిన్నానమ్మా."

"ఆయనకి ఎంత నచ్చిందోనండీ. రెండోసారి పెట్టించుకున్నారు," అంది.

అందులో నువ్వులున్నాయని నాకు తెలుసా అని ఆమె అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు. ఆమె మెట్లు దిగి వెళ్ళింది. ఆ కాగితం నా చేతికి అందేంత దూరంలోనే ఉంది, పెన్నూ జేబులోనే ఉంది. గడి మార్చలేదు. సాయంత్రం నివేదిక పంపేశాను. ఆ పని చేసినందుకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను.

పోలీసులు లచ్చన్నను వదిలేశారు. అయినా కఫీల్, అంటే అతనికి వీసా ఇచ్చిన యజమాని, ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు. ఇక తిరిగి రాకుండా పంపేసే ముద్ర అది. వెళ్ళేముందు లచ్చన్న నా గదికి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ ఆ గిన్నె తినేవాణ్ణని పోలీసులకు కూడా చెప్పలేదట. "సార్ పేరెందుకు మధ్యల," అన్నాడు. స్టీలు డబ్బాను బలదియావాళ్ళు తీసుకెళ్ళిన చోట, పొయ్యి పక్కన, గుండ్రటి మరక ఒకటి మిగిలింది. దాన్ని నేనే తుడిచాను.

ఆ తర్వాత నెలలో, వంటగది మళ్ళీ తెరిచాక, పద్ధతికి ఒక వాక్యం కలిపాను: అతిథి బల్ల మీదికి ఏది వెళ్ళినా, ఉచితమైనా, ప్రేమతో పంపినా, చీటీ లేకుండా వెళ్ళకూడదు. ఎందుకు కలిపానని ఎవరూ అడగలేదు. పద్నాలుగు నెలలూ పూర్తి చేసి, శాలువా కప్పించుకుని ప్రొద్దుటూరు వచ్చేశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. నియమం ఎక్కడ తెగుతుందో కాగితంలో వెతికితే దొరకదు. దాన్ని రాసినవాడు తనకోసం ఎక్కడ సడలించుకున్నాడో అక్కడ చూడాలి. ఎనిమిదో గడి ఇప్పుడు నింపుతున్నాను. లోపం ఉంది. చీటీ లేని గిన్నె ఒకటి రోజూ బయటికి వెళ్ళేది. నివేదిక రాసిన అధికారికి ఆ సంగతి తెలుసు. ఆ రోజు మొదటి గిన్నె ఆయనదే.